పెంటప్ప పాడుకున్న ఇల్లు

మా బావ పెంటప్ప గొంతు గురించి, ఈ మరాఠీ ఊళ్లో మా తెలుగు నేతవాళ్లుండే దాజీ పేట్‌లో ఎవరినడిగినా చెబుతారు. అందరూ మెచ్చుకుంటారు కూడా. ఎందుకు మెచ్చుకోరు? ఆ గొంతుతో కాపురం చేసింది వాళ్లు కాదు, మా అక్క కళావతి. ఆ గొంతు తెచ్చిపెట్టిన తిప్పలకు కాళ్లరిగేలా తిరిగింది వాళ్లు కాదు, నేను, ఆయన బామ్మర్ది అంబాదాస్.

శ్రావణంలో వచ్చే నూలు పున్నం మర్నాడు మా గల్లీ గుడిలో దేవుడి వస్తువులకు హర్రాజు జరుగుతుంది. మార్కండేయుడి మెడలో దండ, కలశం మీది కొబ్బరికాయ, పట్టు శాలువా, ఒక్కొక్కటే పాటకు పెడతారు. ఇరవై రెండేళ్లుగా ఆ పాట నడిపింది మా బావే. ఇంట్లో రెండు మరమగ్గాలు పెట్టుకుని తువ్వాళ్లు నేసుకునే మనిషి, ఆ ఒక్క రోజు మాత్రం రాజు. మూడు రూపాయల కొబ్బరికాయను ఐదు వందలకు ఎక్కించేవాడు.

ఆ పాటలో ఒక ఆనవాయితీ ఉంది. దేవుడి వస్తువుకు పాట రాక ఆగిపోతే అది దేవుడికి చిన్నతనం. అందుకని పాట నడిపేవాడే తన నోటితో ఒక పెద్ద అంకె అంటాడు. దాన్ని మేం దేవుని పాట అంటాం. ఆ మాట పడగానే శేట్లలో ఎవరికో ఒకరికి పౌరుషం పొడుచుకొస్తుంది. రెండు మగ్గాల పెంటప్ప శాలువా ఎత్తుకుపోతుంటే పన్నెండు మగ్గాల నరసయ్య శేట్ చూస్తూ కూర్చోగలడా? పైన ఇంకో యాభై వేస్తాడు. ఇరవై రెండేళ్లలో మా బావ అన్న దేవుని పాట మీద ఇంకో పాట రాకపోవడం ఒక్కసారి కూడా జరగలేదు. కాకపోతే, నోటినుంచి వచ్చిన పాటను వెనక్కి తీసుకోవడమనేది అక్కడ లేదు. అది ఎవరిదైనా సరే.

ఇదంతా దేవుడి దగ్గర. దేవుడి దగ్గర చెల్లింది మనుషుల దగ్గర చెల్లదని ఆయనకు చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

సంగతేమిటంటే, మా అక్కతోపాటు బీడీలు చుట్టే చంద్రభాగ అనే ఆమె ఉంది. మేమంతా చంద్రభాగక్క అంటాం. భర్త పోయి పద్దెనిమిదేళ్లు, పిల్లలు లేరు. దాజీ పేట్‌లో వాళ్ల మామగారి వాడా, అంటే పాతకాలపు లోగిలి, పంచినప్పుడు ముందు భాగం భర్త అన్న లింగయ్యకు, వెనక భాగం ఈమెకు వచ్చింది. రెండు గదులు, ఒక మగ్గాల షెడ్డు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ వెనక్కి వెళ్లాలంటే లింగయ్య హాల్లోంచే వెళ్లాలి. వెనక గోడ పక్క వాడాకు అంటుకుని ఉంది, అటు దారి తీయడానికి లేదు. వీధిలోకి ఉన్నది ఒకటే తలుపు, దాని గొళ్లెం లింగయ్యది.

ఆ హాల్లో మంచం వేసుకుని లింగయ్య పద్దెనిమిదేళ్లుగా కూర్చున్నాడు. ఆమె బయటికి అడుగు పెడితే "యాడికి?" లోపలికి వస్తే "ఇంత సేపేంది? సంచిల ఏంది?" మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఆయనకు నిద్ర. నిద్రకు ముందు గొళ్లెం పెట్టేస్తాడు. కార్ఖానాలో బీడీ కట్టలు అప్పజెప్పి రెండున్నరకు తిరిగొచ్చిన మనిషి నాలుగింటిదాకా వీధి అరుగు కట్టమీద ఎండలో కూర్చునేది. మా ఊరి ఎండ సంగతి తెలిసినవాళ్లకు ఇంకేం చెప్పనక్కర్లేదు. తలుపు కొడితే, "ఆడదానికి గీ యాళ్లకు బజార్ల ఏం పని?" అని వీధంతా వినేలా అడిగేవాడు. అందుకని కొట్టడం మానేసింది.

అశోక్ చౌక్ అవతల ఒక కొత్త కాలనీలో ఒంటి గది ఇల్లు చూసుకుంది చంద్రభాగక్క. అరవై వేలు. దసరా దాకా ఆగుతానన్నాడు ఆ ఇంటాయన. తన భాగం అమ్ముడుపోతేనే ఆ ఇల్లు.

అమ్ముడుపోతే కదా! అది తొంభై రెండో సంవత్సరం. నూలు ధర ఎక్కి, సరుకు కదలక, చాలామంది వారానికి మూడు రోజులు మగ్గాలు ఆపుకుంటున్నారు. ఉన్న ఇంటికి సున్నం కొట్టించడానికే వెనకాడేవాళ్లు కొత్త ఇల్లేం కొంటారు? దలాల్ దత్తాత్రి ఏడాదిన్నరలో నలభై మందిని తీసుకొచ్చాడు. నలభై మందీ హాల్లోంచి నడిచారు, మంచం మీద లింగయ్యను చూశారు, వెనక గదులు చూశారు, చంద్రభాగక్క ఇచ్చిన చాయ్ తాగారు, "ఇంట్ల అడిగి చెప్తం" అని పోయారు. వాళ్లకు ఇళ్లలో ఏం జవాబు దొరికిందో ఒక్కడూ తిరిగొచ్చి చెప్పలేదు.

లింగయ్య మాత్రం పండుగకోసారి ఒకటే మాట అనేవాడు. "ముప్పై ఇస్త." పాలివాడు అడుగుతున్న భాగం మీద పరాయివాడు చెయ్యి వేయకూడదని మా వాళ్లలో ఒక మర్యాద ఉంది. ఆ మర్యాద ఎవరికి లాభమో ఈ మర్యాదస్తులు ఎన్నడూ ఆలోచించరు.

ఒకరోజు చంద్రభాగక్క మా అక్క ఇంటికి వచ్చి బీడీల చాట ముందు పెట్టుకుని ఏడ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. బావ మగ్గం ఆపి లేచాడు.

"చంద్రభాగక్కా, దలాల్‌తోని కాదు గని, హర్రాజ్ పెడ్దాం. నేను పాడిస్త. మంది ముందర నిలవడితె మనిషికి పౌరుషం వస్తది."

"బావా, కొబ్బరికాయ వేరె, ఇల్లు వేరె," అన్నాను.

"నువ్వు ఊకో. భావ్, ధర అనేది వస్తువుల ఉండదురా, పాడేటోని గొంతుల ఉంటది."

నేను అప్పుడే లేచి మా ఇంటికి వెళ్లిపోవాల్సింది. వెళ్లలేదు. పైగా మైకు కట్టిన రిక్షాకు కిరాయి నేనే ఇచ్చాను. రెండు రోజులు కొంతం చౌక్ నుంచి అశోక్ చౌక్ దాకా "ఐకా హో ఐకా, వినండహో వినండి" అంటూ మరాఠీలో ఒకసారి, తెలుగులో ఒకసారి అరుస్తూ తిరిగాడు మహానుభావుడు.

ఆదివారం పొద్దున పది గంటలకు వాడా ముందు రెండు వందల మంది చేరారు. ఇల్లు కొనడానికి కాదు, పెంటప్ప పాట వినడానికి. పిల్లల్ని చంకనేసుకుని ఆడవాళ్లు కూడా వచ్చారు. శెనక్కాయల బండివాడు వచ్చాడు. నరసయ్య శేట్ ఇస్త్రీ చొక్కాతో వచ్చి ముందు వరసలో నిలబడ్డాడు. లింగయ్య మంచం దిగలేదు. తలుపు బార్లా తీసి హాల్లోంచే చూస్తున్నాడు. చంద్రభాగక్క ఆయన వెనక, లోపలి గడప దగ్గర నిలబడి ఉంది.

బావ కట్ట ఎక్కాడు. "ఐకా మండళీ! రెండు గదులు, ఒక షెడ్డు, పైన గట్టి స్లాబు! మార్కండేయుని పేరు జెప్పి మొదటి పాట యాభై వేలు!"

ఎవరూ పలకలేదు. నలభై ఐదన్నాడు. పలకలేదు. గోడలను పొగిడాడు, నల్లా నీళ్లను పొగిడాడు, ఆ వాడాలో నేసిన చీరలను పొగిడాడు. జనం భేష్ భేష్ అన్నారు. నలభై అన్నాడు. ఒకడు శెనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. మీకు ఇల్లు వద్దైతే ఇళ్లకు పోండి, ఈ తమాషా చూడ్డమెందుకు?

అప్పుడు మంచం మీంచి లింగయ్య గొంతు వచ్చింది. "ముప్పై."

అందరూ బావ వైపు చూశారు. ఆయన ఇప్పుడు ఏక్ వార్, అంటే ఒకటోసారి, అనాలి. మూడుసార్లు అంటే ఇల్లు ముప్పైకి లింగయ్యదైపోతుంది. చంద్రభాగక్కకు వెనక గదులూ ఉండవు, కాలనీ ఇల్లూ రాదు. గడప దగ్గర ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావ అది చూశాడు. ఆయన మెడ నరాలు ఉబ్బడం నేను చూశాను. వద్దు బావా అని ఒక్క అడుగు ముందుకు వేశాను కూడా.

"దేవుని పాట! అరవై వేలు!"

నరసయ్య శేట్ వైపు చూస్తూ అన్నాడా మాట. నరసయ్య శేట్ వంగి తన చెప్పు వారు సరిచేసుకుంటున్నాడు.

"ఏక్ వార్..." బావ ఆగాడు. ఇంకోసారి నరసయ్య శేట్ వైపు చూశాడు. శేట్ రెండో చెప్పు వారు చూసుకుంటున్నాడు. "దోన్ వార్..."

"ఆగినవేంది?" అన్నాడు లింగయ్య. "మూడోసారి గూడ అను."

"తీన్ వార్," అన్నాడు బావ. అంత చిన్న గొంతుతో ఆయన మాట్లాడగలడని మాకెవరికీ తెలియదు.

జనం చప్పట్లు కొట్టారు. అలవాటు మరి. చంద్రభాగక్క లోపలికి పరుగెత్తి, పిడికెడు చక్కెర తెచ్చి, లింగయ్య మంచం పక్కనుంచే నడిచి వచ్చి, మా బావ నోట్లో పోసింది. "నువ్వే తీసుకున్నవా అన్నా! నువ్వే తీసుకున్నవా!" అంటూ ఆయన చేతులు పట్టుకుంది. గుడి ఆనవాయితీ గుడివరకేనని ఆమె అనుకోలేదు. ఆమె లెక్కలో ఇల్లు అమ్ముడుపోయింది. మా బావ నోరు చక్కెరతో నిండి ఉంది కాబట్టి ఏమీ అనలేకపోయాడు. నోరా వీపుకు తేకే అంటారు. ఈయన నోరు వీపుతో ఆగలేదు, ఇంటి మీదికే తెచ్చింది.

నేను అక్కడికక్కడే నరసయ్య శేట్‌ను పట్టుకున్నాను. "ఏంది శేట్, ఇరవై రెండేండ్లు పాడినోనివి, ఇయ్యాల చెప్పులు చూసుకుంటవా?"

"నాకేమన్న పిచ్చా? ముప్పై అయిదు అంటె నేను నలభై అందును. ఏక్‌దం అరవై అన్నంక గీ దినాలల్ల ఎవడంటడు?"

"మరి ముందుగాల్నే నలభై అనొద్దా?"

"ఆడ లింగయ్య కూసున్నడు గదా. మొగమాటం ఉండదా అంబాదాస్?"

నెత్తి గోడకేసి కొట్టుకోవాలనిపించింది. నాది కాదు, ఆయనది.

ఇంటికి వచ్చాక మా అక్క ఒకటే అడిగింది. "ఏం పెట్టి కొంటవ్?"

"దేవుడున్నడు," అన్నాడు బావ.

"దేవుడు ఇప్పుడు తువ్వాళ్లు కొంటున్నడా?" అని, మళ్లీ బీడీలు చుట్టుకోవడంలో పడిపోయింది.

తాను దూర సందు లేదు, మెడకో డోలు. ఆయన దగ్గర అరవై వేలు కాదు, ఆరు వేలు కూడా లేవు. మర్నాడు నేను నానా మాటలూ అని చంద్రభాగక్క దగ్గరికి తోలాను. వెళ్లి అసలు సంగతి చెప్పు, అది ఉత్త ఆనవాయితీ, నిజం పాట కాదని చెప్పు, తప్పయిందని చెప్పు అన్నాను. గంటకు తిరిగొచ్చాడు.

"చెప్పినవా?"

"చాయ్ ఇచ్చింది."

"చెప్పినవా అని అడుగుతున్న."

"గిన్నెలన్ని బోర్లించి గోనెసంచిల కట్టింది బామ్మర్దీ. పెట్టెకు తాళం గూడ పెట్టింది. ఎట్ల చెప్పాలె?"

ఇక మిగిలింది ఒకటే దారి. సొంత ఇల్లు అమ్మి ఆ ఇల్లు కొనడం. వినడానికే తల తిరుగుతుంది. అశోక్ చౌక్ దగ్గరి బావ ఇల్లు ఒక గది, ఒక వంటిల్లు, మగ్గాల చోటు. పదిహేనేళ్లు కిరాయి గదుల్లో ఉండి, బీడీలు చుట్టిన పైసలతో మా అక్క జాగా కొన్నది. గోడలు ఒక్కో ఏడు ఒక్కోటి లేచాయి. కాగితం మాత్రం బావ పేరు మీద. అమ్మే ముందు ఆమెను అడగాలని ఆయనకు తట్టలేదు. నాకు తట్టింది, కానీ అడిగే ధైర్యం లేకపోయింది. అది నా తప్పు, ఒప్పుకుంటున్నాను.

దత్తాత్రి వచ్చి చూశాడు. తల గోక్కున్నాడు. "రెండేండ్ల కింద అయితె డెబ్భై. ఇప్పుడయితె చాయ్ తాగిపోయేటోళ్లే," అన్నాడు. అంటూ తనే చాయ్ తాగాడు. చివరికి దసరా ఇంకా తొమ్మిది రోజులుందనగా బావ ఇంటి ముందే మళ్లీ హర్రాజు పెట్టాం.

సొంత ఇంటికి ఆయనే పాట నడపడం బాగుండదని నన్ను కట్ట ఎక్కించారు. నా గొంతు సంగతి సరే. అంతకంటే పెద్ద గొడవ ఏమిటంటే, వచ్చిన జనానికి ఈసారి ఇంకో రకం మర్యాద ముంచుకొచ్చింది.

"పెంటప్పన్న ఇంటి మీద పాట ఎట్ల పాడ్తం?" అన్నాడొకడు.

"నోట్లె పురుగులు పడ్తయి," అన్నది ఒకామె. అందరూ తలలూపారు. కొందరు కళ్లు తుడుచుకున్నారు కూడా.

నాకు ఒళ్లు మండిపోయింది. "లింగయ్య ఉన్నడని గాడ పాడలె. పెంటప్ప మంచోడని గీడ పాడ్తలేరు. దుష్టుని ఇల్లు కొనరు, మంచోని ఇల్లు కొనరు. ఇగ మీరు ఎవని ఇల్లు కొంటరయ్యా?" అని అరిచాను. సిగ్గుపడ్డారు. పాట మాత్రం పాడలేదు.

వెనకనుంచి లింగయ్య గొంతు వినిపించింది. ఆయనకు అక్కడ ఏం పనో! "దసరా ఇంక తొమ్మిది దినాలే. అటెనుక ముప్పై గూడ లేదు. ఇరవై అయిదు."

ఆ మాటతో చంద్రభాగక్క జనంలోంచి ముందుకు వచ్చింది. ఎవరు చెప్పారో, ఆమెకు అప్పటికి అంతా తెలిసిపోయినట్టుంది. "పెంటప్పన్నా, నీ మాట నీకే వాపస్ ఇస్తున్న. నా కోసం ఇల్లు అమ్ముకోకు. నేను ఆణ్నే ఉంట," అంది.

బావ తల దించుకున్నాడు. నిజం చెబుతున్నాను, నాకు ప్రాణం లేచొచ్చింది. గండం గడిచిందనుకున్నాను.

అప్పుడు మా అక్క ఇంట్లోంచి వచ్చింది. వేళ్లకు అంటిన తంబాకు కొంగుకు తుడుచుకుంటూ కట్ట పక్కన నిలబడింది.

"నోట్లె చక్కెర పోసినంక మాట ఎట్ల వాపస్ ఇస్తవ్ అక్కా? ఇప్పుడు కక్కుతడా ఆయన? నాకొక్కటి చెప్పు. నీకు గా కాలనీ ఇల్లే గావాల్నా?"

చంద్రభాగక్కకు అర్థం కాలేదు. "కాలనీ నాకెందుకే? నా తలుపు నేనే తీసుకోవాలె, నేనే వేసుకోవాలె. యాడికి అని అడిగేటోడు ఉండొద్దు. గంతే."

"అయితె గిది తీస్కో," అంది మా అక్క, వెనక్కి చూడకుండానే ఇంటి వైపు చెయ్యి చూపించి. "నీ ఇల్లు ఈయన పాడుకున్నడు. మా ఇల్లు నువ్వు తీస్కో. ఇంటికి ఇల్లు. పైస ఇచ్చేది లేదు, పుచ్చుకునేది లేదు."

ఏడాదిన్నరగా దలాల్‌లకూ శేట్లకూ తట్టని మాట. కొనే జేబు లేనప్పుడు మార్చుకునే చేతులైనా ఉంటాయని దత్తాత్రికి తట్టలేదు, నాకూ తట్టలేదు. జనమంతా నోరు తెరిచారు. లింగయ్య నోరు మాత్రం మూతపడింది.

మా బావకు మళ్లీ ప్రాణం వచ్చింది. ఛాతీ విరిచి, "ఏక్ వార్..." అని మొదలుపెట్టాడు.

"నోరు ముయ్యి," అంది మా అక్క. "కాగితం నా పేరు మీద కావాలె. నీ పేరు మీద ఉంటె వచ్చే నూలు పున్నానికి అది గూడ పాడ్తవ్."

దసరాకు రెండు రోజుల ముందు రిజిస్ట్రేషన్ అయింది. ఆఫీసులో మూడు రోజులు తిరిగింది నేనే, వేరే చెప్పాలా? రెండు కాగితాలూ ఇద్దరు ఆడవాళ్ల పేర్ల మీద. మగ్గాలు విప్పి, ఎడ్లబండి మీద దాజీ పేట్‌కు చేర్చి, మళ్లీ బిగించాం. లింగయ్య అలవాటు ప్రకారం మొదటి మధ్యాహ్నమే రెండింటికి గొళ్లెం పెట్టి పడుకున్నాడు. మా బావ వీధిలో నిలబడి "లింగయ్య మామా! గొళ్లెం!" అని ఒక్క కేక పెట్టాడు. ఆ రోజు ఆ వీధిలో నిద్రపోయినవాడు లేడు. నాలుగో రోజునుంచి లింగయ్య పగటిపూట గొళ్లెం పెట్టడం మానేశాడు. మా అక్కను ఒక్కసారి "యాడికి?" అని అడిగాడట. "నీకు చెప్పాల్నంటె ముందు నీకు అర్థం కావాలె," అందట. తర్వాత అడగలేదు. అలాగని సుఖపడిందని కాదు. ఎటు పోవాలన్నా ఆ మంచం పక్కనుంచే పోవాలి, ఆ మొహమే చూడాలి. రోజుకు పదిసార్లు చూస్తోంది.

ఇల్లు మారేటప్పుడు మా అక్క కంటతడి పెట్టలేదు. సంతకం చేసినప్పుడూ లేదు. నేను బావను తిడుతుంటే కూడా, "ఇడిసిపెట్టరా, ఆయన అంతే," అంది. పెద్ద మనసని అందరూ అన్నారు. నాకు మాత్రం ఆ పెద్ద మనసు మీద ఒళ్లు మండేది.

దీపావళి ముందు, నీళ్లు కాగబెట్టుకునే గంగాళం పాతింట్లోనే ఉండిపోయిందని, తేవడానికి నన్ను తోడు తీసుకెళ్లింది. మధ్యాహ్నం పన్నెండయి ఉంటుంది. ఇరవై ఏళ్ల అలవాటు, మాట్లాడుతూనే చెయ్యి పెట్టి తలుపు తోసింది. రాలేదు. ఇంకోసారి తోసింది. లోపల గొళ్లెం పెట్టి ఉంది.

"పట్టపగలు గొళ్లెం ఏంది ఈమెకు?" అని నేను గొంతు పెంచబోయాను. అక్క నా చెయ్యి పట్టి ఆపింది. రెండు వేళ్లు మడిచి, మెల్లగా తలుపు కొట్టింది.

"ఎవరు?" అని లోపలినుంచి చంద్రభాగక్క అడిగింది. గట్టిగా, తీరిగ్గా అడిగింది. ఆమె గొంతు అలా ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు.

మా అక్క తను లేపిన గోడ మీద చెయ్యి ఆనించి నిలబడింది. కళ్లల్లోంచి నీళ్లు ధారగా కారిపోతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"గొళ్లెం పెట్టుకున్నదిరా," అంది నాతో, ఏడుస్తూనే. "పెట్టుకోనీ."

తర్వాత గొంతు సవరించుకుని, తన ఇంటి తలుపు బయట నిలబడి, తన పేరు చెప్పింది.